జ్వరమని వ్రాసిన సెలవు చీటి



రెండేండ్ల క్రిందట ఒక ఆదివారము మా సంఘములో సండే స్కూలు పిల్లలకు పది ఆజ్ఞలను గూర్చి పాఠము చెబుతున్నాము. తొమ్మిదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చి, అబద్ధమాడుట దేవుని ఎదుట ఎంత తప్పో వివరించి, ఎవరికైనా సందేహములున్నవా అని అడిగాము. ఆరవ తరగతి చదివే ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మొన్న మేము మా మేనత్త కూతురి ఓణీల ఫంక్షనుకు వెళ్ళి నాలుగు రోజులు బడి మానేశామండి. నాన్న సెలవు చీటీలో నాకు జ్వరమని వ్రాశారండి. టీచరుగారు తగ్గిందా అని అడిగితే తగ్గిందండి అన్నాను. అది అబద్ధమేనాండి?"

పిల్లలందరు మా ముఖము వైపు చూస్తున్నారు. ఆ అబ్బాయి తండ్రి మంచివాడు, ప్రార్థనాపరుడు, ఆదివారము తప్పకుండా ఆరాధనకు వచ్చేవాడు. "అవును బాబూ, అది అబద్ధమే" అనడానికి మాకు నోరు రాలేదు. ఆ తండ్రి మర్యాద కాపాడాలన్నది ఒక కారణము. అసలు కారణము వేరు. అంతకు ముందు సంవత్సరము మా తమ్ముని పెండ్లికి మా అమ్మాయిని అయిదు దినములు బడి మాన్పించి, మా చేతితో మేము వ్రాసిన చీటీలో కూడ ఆ జ్వరమే ఉన్నది. "వచ్చే ఆదివారము చెబుతాను, కూర్చో నాయనా" అని పాఠము ముగించి ఇంటికి వచ్చాము. ఆ వారమంతా మాకు నెమ్మది లేదు. ఆ వారములో ఆలోచించినవి, ఆ తరువాత ఇతర కాపరులతోను, సంఘములోని ఉపాధ్యాయులతోను మాటలాడి తెలిసికొన్నవి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఏడాదికి ఎన్ని దినములు?

మన యిండ్లలో శుభకార్యములకు కొదువ లేదు. ప్రధానము, పెండ్లి, పెండ్లి తరువాత విందు, ఆడపిల్లకు ఓణీలు, మగపిల్లవానికి పంచెలు, చంటిబిడ్డకు మొదటి పుట్టినరోజు, కొత్త ఇంటికి గృహప్రతిష్ఠ, పోయినవారికి జ్ఞాపకార్థ కూడిక, వీటికి తోడు మూడు దినముల ఉజ్జీవ సభలు. ఇవి ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. ఒక సాయంకాలము మా యింట కాగితము, కలము తీసికొని ఆ సంవత్సరములో మా బిడ్డలు ఈ కార్యముల కొరకు బడి మానిన దినములు లెక్క వేశాము. పదిహేను వచ్చినవి. జలుబు, జ్వరము నిజముగా వచ్చిన దినములు ఈ లెక్కలో లేవు.

మన దేశములో 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి నుండి అయిదవ తరగతి వరకు ఏడాదికి కనీసము 200 పనిదినములు, ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు 220 పనిదినములు బడి జరగాలి. 220లో 15 అంటే, దాదాపు ప్రతి పదిహేను దినములలో ఒక దినము మా బిడ్డ బల్ల ఖాళీగా ఉన్నదన్న మాట. సి.బి.ఎస్.ఇ. పాఠశాలలలో బోర్డు పరీక్ష వ్రాయుటకు 75 శాతము హాజరు కావాలి. మిగిలిన 25 శాతము మన హక్కు అనుకొని, దానిని పూర్తిగా వాడుకునే తలిదండ్రులు కూడ ఉన్నారు.

పాఠము మెట్ల వంటిది. ఏడవ తరగతిలో సమీకరణములు మొదలుపెట్టిన వారములో బిడ్డ పెండ్లిలో ఉంటే, తిరిగి వచ్చిన దినమున టీచరుగారు మూడవ మెట్టు మీద ఉంటారు. బిడ్డ నేల మీద ఉంటాడు. చదువుకున్న తలిదండ్రులైతే రాత్రి కూర్చోబెట్టి చెప్పుకుంటారు, లేదా ట్యూషను పెడతారు. మన సంఘములలో ఇంకను ఎందరో తల్లులు, తండ్రులు కూలి చేసి బిడ్డలను చదివిస్తున్నవారు. వారి బిడ్డకు పాఠము చెప్పగలిగినవారు బడిలోనే ఉన్నారు, ఇంటిలో లేరు. నాలుగు దినములు అందరికీ నాలుగే. నష్టము మాత్రము అందరికీ ఒకటి కాదు.

మన తాతముత్తాతలలో అనేకులకు బడి గడప తొక్కుటకే అనుమతి లేని దినములుండెను. 1842లో హయ్యరుగారు గుంటూరు వచ్చి సువార్త పనితోపాటు బడులు పెట్టారు. 1843లో రాబర్టు నోబుల్‌గారు మచిలీపట్నములో పాఠశాల తెరిచారు. వారి వంటివారు వేసిన బాటలో ఊరూర మిషను బడులు లేచినవి. గుడి, బడి ఒకే పాకలో నడిచిన పల్లెలు మనకు తెలియును. ఆ పాకలో పలక పట్టిన తాత మనుమడిని, మనుమరాలిని మనము ఇంత తేలికగా బడి మాన్పించుట న్యాయమా అని మమ్ములను మేమే అడుగుకొన్నాము.

పండుగకు తీసికొనిపోవుట తప్పా?

తప్పు కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. నిర్గమకాండము 10వ అధ్యాయములో, పండుగకు ఎవరెవరు వెళ్తారని ఫరో అడిగినప్పుడు, పిన్నలను పెద్దలను, కుమారులను కుమార్తెలను అందరినీ వెంటబెట్టుకొని వెళ్తామని మోషే జవాబిచ్చాడు. పురుషులు వెళ్తే చాలునని ఫరో అన్నాడు. పిల్లలు లేని పండుగ ఫరో కోరినది, దేవుడు కోరినది కాదు. 12వ అధ్యాయములో పస్కా ఆచారము గూర్చి బిడ్డలు ప్రశ్న అడుగుతారని, పెద్దలు జవాబు చెప్పాలని వ్రాయబడి ఉన్నది. పండుగ కూడ ఒక బడియే.

మన ప్రభువు సంగతి చూడండి. లూకా 2వ అధ్యాయము ప్రకారము ఆయన తలిదండ్రులు ఏటేట పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళేవారు. పన్నెండేండ్ల బాలుడుగా ఆయనయు వెళ్ళాడు. నజరేతు నుండి యెరూషలేముకు వంద కిలోమీటర్లకు పైగా కాలినడక. బంధువులు, ఇరుగుపొరుగువారు గుంపుగా నడిచిన ప్రయాణమది. చివరకు ఆ బాలుడు దొరికినది ఎక్కడ? దేవాలయములో బోధకుల మధ్య, వినుచు, ప్రశ్నలడుగుచు. కుటుంబ పండుగ, చదువు ఒకదానికొకటి శత్రువులు కావని మాకు ఇక్కడ అర్థమైనది.

మేనమామ ఎవరో, పెదనాన్న పిల్లలు ఎందరో, తాతమ్మ ఏ పాట పాడేదో తెలియకుండా పెరిగిన బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినా ఏదో ఒక లోటు ఉండిపోతుంది. ఈ వైపున జరిగే తప్పును కూడ మేము చూచాము. హాస్టలులో ఉంచి ఇంటర్ చదివిస్తున్న ఒక కుర్రవానికి, పరీక్షలు దగ్గర పడినవని, తాతగారు ప్రభువునందు నిద్రించిన సంగతి తెలియజేయలేదు. ఆయన చేతుల మీద పెరిగిన బిడ్డ అతడు. భూస్థాపన అయిన పది దినములకు ఇంటికి వచ్చి, నేరుగా మా యింటికి వచ్చాడు. "అయ్యగారూ, తాతయ్యను ఎక్కడ పెట్టారండి? చూపిస్తారా?" అని అడిగాడు. సమాధుల తోటకు మేమే తీసికొని వెళ్ళాము. అతనికి ఆ పరీక్షలలో మంచి మార్కులే వచ్చినవి. ఆ మార్కుల సంగతి అతడు ఎన్నడూ మాతో మాటలాడలేదు.

కాబట్టి బడి ఎప్పుడూ మానరాదని మేము అనుట లేదు. ఏ కార్యమునకు మానవచ్చు, ఎన్ని దినములు, ఏ విధముగా అన్నదే ప్రశ్న.

హన్నా వెళ్ళలేదు

మొదటి సమూయేలు 1వ అధ్యాయములో మనము తరచుగా దాటిపోయే సంగతి ఒకటి కలదు. ఎల్కానా ఇంటివారందరితో ఏటేట షిలోహుకు బలి అర్పించుటకు వెళ్ళేవాడు. సమూయేలు పుట్టిన తరువాత హన్నా వెళ్ళలేదు. బిడ్డ పాలు విడిచిన తరువాతనే తీసికొని వస్తానని చెప్పి ఇంటనే నిలిచింది. అది మామూలు విందు కాదు, దేవుని సన్నిధిలో పండుగ. ఆమె భక్తిలేనిది కాదు. అయినను బిడ్డకు ఆ కాలములో ఏది అవసరమో చూచి పండుగను వాయిదా వేసికొన్నది. ఎల్కానా కోపపడలేదు, నలుగురు ఏమనుకుంటారో అనలేదు. ఆమె ఇష్టమునకు విడిచిపెట్టాడు.

దేవుని పండుగకే ఒక తల్లి "ఈ సంవత్సరము రాలేను" అనగలిగినప్పుడు, ఆడపడుచు మరిది కుమార్తె మొదటి పుట్టినరోజుకు "బిడ్డకు పరీక్ష ఉన్నది, మేమిద్దరము వస్తాము" అని మనము ఎందుకు అనలేకపోతున్నాము? రాకపోతే చుట్టరికము చెడుతుందన్న భయమే కదా! అట్లు చెడిపోయే చుట్టరికమును బిడ్డ చదువుతో కొనవలసిన పని లేదు.

పెద్దమనిషి అయిన పిల్ల

ఇక వ్రాయుటకు కష్టమైన సంగతికి వచ్చాము. ఇరువది సంవత్సరముల క్రిందట మేము వేదాంత డిప్లొమా ముగించుకొని మొదటి సంఘమునకు వెళ్ళిన కొత్తలో, ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి పెద్దమనిషి అయినది. చురుకైన పిల్ల. వాక్యములు కంఠస్థము చేయుటలో మొదటి బహుమతి ఆమెదే. ఆచారము ప్రకారము ఆమెను ఒక మూల కూర్చోబెట్టారు. చాప వేరు, కంచము వేరు, గ్లాసు వేరు. పదకొండు దినములు గడిచినవి. మేనమామకు డబ్బు సర్దుబాటు కాలేదని మరి పది దినములు ఆగారు. ఇరువది ఒకటవ దినమున పందిరి వేసి, ఫోటోతో పెద్ద బ్యానరు కట్టి, మైకు పెట్టి, ఫంక్షను చేశారు. మమ్ములను ప్రార్థనకు పిలిచారు. వెళ్ళాము, ప్రార్థించాము, ఆశీర్వదించాము, భోజనము చేశాము. ఆ పిల్ల మరల బడికి ఎప్పుడు వెళ్తుందని మేము అడగలేదు. అక్కడ మరి ఎవరును అడగలేదు.

ఆమె బడికి వెళ్ళిన దినమున మగపిల్లలు బ్యానరు సంగతి చెప్పుకొని నవ్వారట. పాఠములు ఎక్కడికో వెళ్ళిపోయినవి. రెండు దినములు వెళ్ళి మానివేసింది. జూనులో మేము ఆ యింటికి వెళ్ళి అడిగితే, "ఇంక చదివి ఏం చేస్తుందండీ, పెద్దపిల్ల గదా" అన్నారు. కొంచెము గట్టిగా చెప్పాము గాని అప్పటికే ఆలస్యమైనది. మొదటి దినమున అడగవలసిన మాట అది.

ఆ మూల, ఆ వేరు కంచము గూర్చి కూడ ఒక మాట. మార్కు 5వ అధ్యాయములో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తన వస్త్రమును ముట్టినప్పుడు ప్రభువు దూరము జరగలేదు. కుమారీ అని పిలిచి సమాధానముతో పంపాడు. ఆయన దూరము పెట్టని స్త్రీని ఆయన పేరు పెట్టుకొన్న మన యిండ్లలో మూల కూర్చోబెట్టుట తగునా? బిడ్డ ఎదిగినందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించుట మంచిదే. దానికి ఇంటివారు కూడి ఒక సాయంకాలము ప్రార్థన చేసికొంటే చాలును. మరునాడు ఆమె బడిలో ఉండాలి.

ముహూర్తము లేని మనకు తొందర ఎందుకు?

మన హైందవ సోదరులు పంచాంగము చూచి ముహూర్తము పెట్టుకుంటారు. దినము వారి చేతిలో ఉండదు. మనము ప్రతి దినము ప్రభువు చేసినదే అని బోధించేవారము. దినమును ఏర్పరచుకొను స్వేచ్ఛ పూర్తిగా మనదే. అయినను మన పెండ్లి శుభలేఖలు చూస్తే ఎక్కువ భాగము ఫిబ్రవరి నెలలో బుధ, గురువారములలో ఉంటున్నవి.

దీనికి ఒక కారణము మన సంఘములలోనే కలదు. భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు, ఆదివారములు గాక నలువది దినములు శ్రమకాలము. అనేక సంఘములలో ఆ కాలమున పెండ్లిండ్లు జరిపించరు. 2025లో భస్మ బుధవారము మార్చి 5న వచ్చినది. శ్రమకాలములోపల ముగించాలని ఫిబ్రవరిలో పెండ్లిండ్లన్నీ గుమికూడుతవి. పదవ తరగతి, ఇంటరు పిల్లలకు పరీక్షలు ముంచుకొని వచ్చే సమయము సరిగ్గా అదే. ఈస్టరు తరువాత కొద్ది దినములకే బడులకు వేసవి సెలవులు వస్తవి. రెండు నెలలు ఓపిక పట్టితే ఊరిలో పిల్లలందరు పెండ్లికి వస్తారు, ఏ బిడ్డ చదువూ చెడదు.

ప్రకటనలు వేయించుకొనుటకు ఇరుపక్షములవారు మా యొద్దకు వచ్చినప్పుడు, ఇప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న, "మీ రెండు కుటుంబములలో పరీక్ష వ్రాసే పిల్లలు ఎందరున్నారు?" అని. ఈ ప్రశ్నకు కొందరు నవ్వారు. ముగ్గురు తేదీ మార్చుకున్నారు.

ఇంగ్లాండులో మన బంధువులు

మా సంఘములో పెరిగి ఇంగ్లాండులో స్థిరపడిన ఒక సోదరుడు తమ్ముని పెండ్లికి రాలేక బాధపడుచు ఉత్తరము వ్రాశాడు. అక్కడ 2013 సెప్టెంబరు నుండి నిబంధనలు గట్టివైనవి. అసాధారణ పరిస్థితి ఉన్నదని ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటేనే బడి దినములలో సెలవు. 2017 ఏప్రిల్‌లో ఆ దేశపు సుప్రీం కోర్టు కూడ, హాజరు అంటే బడి నియమముల ప్రకారమే తప్ప తలిదండ్రుల ఇష్టప్రకారము కాదని తీర్పు చెప్పినది. 2024 ఆగస్టు నుండి ఇట్లు మాన్పించినందుకు జరిమానా, ఒక్కొక్క బిడ్డ నిమిత్తము తలిదండ్రులలో ఒక్కొక్కరికి, 80 పౌండ్లు. 21 దినములలో కట్టకపోతే 160. తమ మతసంస్థ నియమించిన పండుగ దినమునకు మాత్రము బిడ్డ రాకపోతే అది నేరము కాదు. పినతండ్రి పెండ్లికి ఆ మినహాయింపు లేదు.

ఇంత కఠినము మంచిదని మేము అనము. వేల మైళ్ళ దూరములో అమ్మమ్మను మూడేండ్లకొకసారి చూచే బిడ్డకు ఒక పెండ్లి ఎంత విలువైనదో ఆ లెక్కలకు తెలియదు. అక్కడ జరిమానాకు భయపడి ఆగుతున్నారు. ఇక్కడ మనలను ఆపేవారు లేరు. ఆపేవారు లేనప్పుడు బిడ్డ మేలు తలచుట తలిదండ్రుల బాధ్యత, దానిని జ్ఞాపకము చేయుట సంఘము బాధ్యత.

ఇట్లు చేయవచ్చును

మా సంఘములో పెద్దలతోను, ఉపాధ్యాయులతోను కూర్చొని కొన్ని తీర్మానములు చేసికొన్నాము. మీకు ఉపయోగపడునేమోనని వ్రాస్తున్నాము.

ఒకటి: సెలవు చీటీలో నిజమే వ్రాయాలి. "మా తమ్ముని పెండ్లి, రెండు దినములు సెలవు దయచేయగలరు" అని ముందుగానే వ్రాసి, తండ్రిగాని తల్లిగాని స్వయముగా వెళ్ళి అడగాలి. ఇవ్వకపోతే ఆ జవాబును గౌరవించాలి.

రెండు: సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, మేనమామ, పినతల్లి పెండ్లి వంటి దగ్గరి కార్యములకు బిడ్డ రావాలి. దూరపు చుట్టరికమునకు పెద్దలలో ఒకరు వెళ్ళివస్తే చాలును. మరణము వేరు సంగతి. ఆ వేళ బిడ్డను తప్పక తీసికొని వెళ్ళాలి.

మూడు: పెండ్లికి నాలుగు దినములు ముందు వెళ్ళుట, తరువాత రెండు దినములు ఉండుట మానుకోవాలి. రాత్రి బస్సులో వెళ్ళి, మరునాడు రాత్రికి తిరిగి రావచ్చును.

నాలుగు: తలిదండ్రులు తప్పక వెళ్ళవలసి, బిడ్డ ఉండవలసి వస్తే, సంఘములోని మరొక కుటుంబము ఆ బిడ్డను చేర్చుకోవాలి. గత సంవత్సరము పదవ తరగతి చదివే ఇద్దరు పిల్లలు ఇట్లు మా యింటనే ఉన్నారు. మా అమ్మగారు వారికి క్యారియరు కట్టి పంపారు. పెండ్లి లడ్డూలు తరువాత అందరమూ తిన్నాము.

అయిదు: తిరిగి వచ్చిన దినముననే తోటి పిల్లల నోటు పుస్తకము తెచ్చి, తప్పిన పాఠము వ్రాయించాలి. సంఘములో చదువుకున్న యౌవనస్థులు సాయంకాలము ఒక గంట చెప్పుటకు ఒప్పుకున్నారు.

ఆరు: ఆడపిల్ల పెద్దమనిషి అయినదని తెలిసిన ఇంటికి అమ్మగారు వారములోపల వెళ్ళి ప్రార్థించి, బడి సంగతి అడగాలి. ఫంక్షను ఎంత పెద్దదైనను, ఆ మాట అడుగకుండ కాపరి భోజనమునకు కూర్చుండరాదు. ఈ చివరి మాట మేము మా కొరకే వ్రాసికొన్నాము.

ఆ అబ్బాయికి చెప్పిన జవాబు

మరుసటి ఆదివారము సండే స్కూలులో ఆ అబ్బాయిని పిలిచి, "నీవు అడిగినది సరియైన ప్రశ్న. అది అబద్ధమే. నేను కూడ మా అమ్మాయికి అటువంటి చీటి వ్రాశాను. అది కూడ అబద్ధమే. దేవుని క్షమాపణ అడిగాను" అని చెప్పాము. మా అమ్మాయి వెనుక వరుసలో కూర్చున్నది. తల వంచుకొని ఉండి, తరువాత మా వైపు చూచి చిన్నగా నవ్వినది.

ఆ సాయంకాలము అబ్బాయి తండ్రి మా యింటికి వచ్చాడు. కోపముతో వచ్చాడేమో అనుకొన్నాము. "రేపు నేను వాడితో బడికి వెళ్తానండి" అని మాత్రము చెప్పి వెళ్ళిపోయాడు. సోమవారము తండ్రి కొడుకులిద్దరు వెళ్ళి టీచరుగారికి ఉన్నమాట చెప్పారట. ఆమె కాసేపు మాటలాడకుండా ఉండి, "ముందే అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదండీ" అన్నారట.

మరొక సంగతి వ్రాసి ముగిస్తాము. బడి మానిన ఆ ఎనిమిదవ తరగతి అమ్మాయికి పందొమ్మిదవ ఏట పెండ్లి అయినది. ఇప్పుడు ఆమె కుమార్తె ఏడవ తరగతి చదువుతున్నది. ఈ మధ్య ఒక సభలో కలిసి, "అయ్యగారూ, మా పాప పెద్దమనిషి అయినదండి. బుధవారము అయితే గురువారమొక్కటే ఇంటి దగ్గర ఉంచాను. శుక్రవారము నేనే బడిలో దింపి వచ్చానండి. మా అత్తగారు మూడు రోజులు నాతో మాటలాడలేదు" అని నవ్వుతూ చెప్పింది. ప్రార్థన చేయమని అడిగింది. తల్లి తల మీద, పాప తల మీద చేతులుంచి ప్రార్థించాము. ఈసారి పాప బడి సంగతి మేము అడగనక్కర లేకుండనే ఆమె చెప్పింది.

ప్రియ తలిదండ్రులారా, మన బిడ్డలు మన విందులలోను, తమ తరగతి గదులలోను ఉండవలసినవారు. ఏ దినమున ఎక్కడ ఉండాలో గ్రహించు వివేకమును, ఆ సంగతి దాచక చెప్పు సత్యమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.